పాత కిటికీకి కొత్త గోడ

సంక్రాంతికో దసరాకో ఊరెళ్ళినప్పుడు మీరూ గమనించే ఉంటారు. వెళ్ళిన ప్రతిసారీ వీధిలో ఒక పెంకుటిల్లు తగ్గి ఉంటుంది. జేసీబీ వస్తే ఒక పూటలో పని అయిపోతుంది. అది రావడానికి ముందే తలుపులు, కిటికీలు, దూలాలు ఊడదీసి అరుగు పక్కన పేరుస్తారు. పాత కలప కొనేవాడు వచ్చి, అంతా కలిపి ఒక రేటు చెప్పి, ట్రాలీ ఆటోలో వేసుకుని పోతాడు. దూలాలు కోత మిల్లుకి వెళ్తాయి. నలిగిన చిన్న ముక్కలు పొయ్యిలోకి వెళ్తాయి. ఆ గుట్టలో ఒక కిటికీ ఉంటుంది చూడండి, నీలం రంగు వెలిసిపోయి, ఇనుప ఊచలతో, అరిగిన గొళ్ళెంతో. దాన్ని కావాలని అడిగేవాళ్ళు ఇంట్లో ఒక్కరున్నా అది బతుకుతుంది.

అడిగి తెచ్చుకున్నారే అనుకుందాం. దాన్ని ఏం చేయాలి? ఈ వ్యాసం దాని గురించే. ఇందులో కొంత వడ్రంగం ఉంది, కొంత కెమిస్ట్రీ ఉంది, మొదటి సంవత్సరం మెకానిక్స్ కూడా కాస్త ఉంది. భయపడకండి, ఇంటర్నల్స్ కంటే తేలికే.

ముందు కిటికీని చూడటం నేర్చుకుందాం

మన పాత ఇళ్ళ కిటికీలో మూడు భాగాలుంటాయి. గోడలో ఇమిడి ఉండే బరువైన చట్రం, చట్రంలో నిలువుగా దిగిన ఊచలు, బందుల మీద తిరిగే రెక్కలు. చాలా ఇళ్ళలో రెక్కలు నాలుగు. పైన రెండు, కింద రెండు, దేనికదే తెరుచుకుంటుంది. అందులో మంచి ఆలోచన ఉంది. కింది రెక్కలు మూసి పైవి తెరిస్తే వీధిలో వాళ్ళకి ఇంట్లో మనుషులు కనపడరు, కానీ వెలుతురు వస్తుంది, పైకి చేరిన వేడి గాలి బయటికి పోతుంది. ఫ్యాను లేని రోజుల్లో మధ్యాహ్నం కునుకు ఈ ఏర్పాటు పుణ్యమే.

రెక్కని దగ్గరగా చూడండి. చుట్టూ నాలుగు పట్టీలు, మధ్యలో పలచటి పలక. పట్టీలు మూలల్లో ఒకదాని బెజ్జంలోకి ఒకటి దూరి ఉంటాయి. అవి ఊడకుండా ఒక కర్ర చీల దిగ్గొట్టి ఉంటుంది. చాలాసార్లు ఇనుప మేకు ఒక్కటి కూడా ఉండదు. మధ్య పలకకి జిగురు కూడా ఉండదు, గాడిలో వదులుగా కూర్చుని ఉంటుంది. అది నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు. వానాకాలం తలుపులు బిగుసుకుపోవడం మనందరికీ తెలుసు కదా, కలప తేమ పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది. పొడవునా మాత్రం దాదాపు మారదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేటప్పటికి వ్యాసార్థం దిశలో సుమారు 2.5 శాతం, వలయాల వెంబడి సుమారు 5.8 శాతం కుంచించుకుపోతుంది. మిగతా చాలా కలపలతో పోలిస్తే ఇది తక్కువే. అయినా పలకని జిగురుతో బిగిస్తే ఏదో ఒక ఎండాకాలం అది నిలువునా చీలుతుంది. పేరు తెలియని ఆ వడ్రంగి ఇదంతా లెక్కలోకి తీసుకునే గాడిని వదులుగా తీశాడు. మనం మరమ్మతు చేసేటప్పుడు ఆ వదులుని చెడగొట్టకూడదు.

కొట్టి చూడు, గుచ్చి చూడు

తెచ్చుకోవాలా వద్దా అని తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. స్క్రూడ్రైవర్ పిడితో అన్ని వైపులా కొట్టి చూడండి. గట్టి కలప ఖంగుమంటుంది. లోపల చెద తినేసి ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. తర్వాత అదే స్క్రూడ్రైవర్ మొనతో కింది మూలల్లో గుచ్చండి. వాన నీళ్ళు నిలిచేది అక్కడే, కుళ్ళు మొదలయ్యేదీ అక్కడే. మొన మిల్లీమీటరు కూడా దిగకపోతే బంగారం. సెంటీమీటరు దిగితే ఆ ముక్క కోసి వేరే ముక్క అతకాలి.

కలపకి సన్నటి సూది బెజ్జాలుంటే కింద తెల్ల కాగితం పరిచి రెండు రోజులు వదిలేయండి. కాగితం మీద మెత్తటి పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉంది. అప్పుడు దాన్ని ఇంట్లోకి తేకండి. బయటే ఉంచి, బెజ్జాల్లోకి చెదల మందు ఎక్కించి, పొడి రాలడం ఆగాకే లోపలికి. టేకులో చేవ భాగానికి చెద అంత తొందరగా పట్టదు. చుట్టూ ఉండే తెల్లటి భాగానికి ఆ రక్షణ లేదు. అందుకే ఒకే పట్టీలో ఒక అంచు పొడైపోయి, పక్కన అంగుళం రాయిలా ఉండటం చూస్తుంటాం.

రంగు దగ్గర ఆగండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతాను అంటే ఇది చదవండి.

పాత కిటికీ చేతికి రాగానే ఎవరికైనా మొదట వచ్చే బుద్ధి గరుకు కాగితం తీసుకుని రుద్దడం. దయచేసి వద్దు. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధనలు 2016లో వచ్చాయి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగుల్లో ఎంత సీసం ఉందో డబ్బా చూసినా తెలిసేది కాదు. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులకి లెడ్ క్రోమేట్ వాడేవారు. ఊచలకి పూసే ఎర్ర ప్రైమర్‌లో రెడ్ లెడ్ ఉండేది. కాబట్టి పాత కిటికీ మీది రంగులో సీసం ఉందనే అనుకుని పని మొదలుపెట్టడం మంచిది.

గట్టిగా అతుక్కుని ఉన్నంతసేపు ఆ రంగు ఎవరినీ ఏమీ చేయదు. పొడి చేస్తేనే ప్రమాదం. ఆ పొడి ఊపిరితో లోపలికి పోతుంది, నేల మీద పడుతుంది, పాకే పిల్లల చేతులకి అంటి నోట్లోకి వెళ్తుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదల మీద సీసం దెబ్బ కొడుతుంది, జరిగిన నష్టం తర్వాత పూడదు. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగలిగే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇంట్లో అక్క కొడుకు పాకుతున్నాడనుకోండి, మన అలంకారం వాడి రక్తంలోకి వెళ్ళకూడదు కదా.

అందుకని వరుస ఇదీ:

1. పని ఆరుబయట, కింద ప్లాస్టిక్ పట్టా పరిచి చేయాలి. పిల్లలు, గర్భిణులు దగ్గర్లో ఉండకూడదు.
2. కలపని ముందు తడపాలి. పెచ్చులుగా లేచిన రంగుని మాత్రమే, తడి ఆరకుండా, రేకు గీకుడుతో మెల్లగా తీయాలి. పొడిగా రుద్దకూడదు. మెషీన్ సాండర్ జోలికి అసలు పోకూడదు.
3. మంట పెట్టి రంగు కాల్చే పద్ధతి వద్దు. అంత వేడికి సీసం ఆవిరై నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
4. మూతికి గుడ్డ చాలదు. ముఖానికి సరిగ్గా బిగిసే, సన్నటి ధూళిని ఆపే మాస్కు కావాలి.
5. తీసిన పెచ్చులు పట్టాలోనే మడిచి, సంచిలో మూటగట్టి, ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వాలి. పెరట్లో పారబోయకండి, పొయ్యిలో వేయకండి.
6. ఆ బట్టలు విడిగా ఉతకాలి. చేతులు, ముఖం కడుక్కున్నాకే టిఫిన్.

అన్నిటికంటే తేలికైన దారి, నాకు నచ్చిన దారి, గట్టిగా ఉన్న రంగుని అలాగే ఉంచేయడం. సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి, ఆరాక, పైన రెండు పూతలు క్లియర్ వార్నిష్ వేస్తే పాత రంగు దాని కింద బందీ అయిపోతుంది. చూడటానికీ అదే బాగుంటుంది. నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద ఇటుక రంగు తొంగి చూస్తుంటాయి. ఒక్కో పొర ఒక్కో పండక్కో, పెళ్ళికో వేసింది. అంత చరిత్రని గీకి పారేయడానికి చేతులెలా వస్తాయి? చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అయితే దాన్ని వాళ్ళ చేతికి అందని ఎత్తులో పెట్టండి. పూత ఎక్కడైనా లేస్తోందేమో అప్పుడప్పుడు చూసుకోండి.

విప్పడం, అతకడం

రెక్కలు చట్రం నుంచి విడదీయాలంటే బందుల స్క్రూలు తీయాలి. తుప్పుకి అవి కదలవు. కిరోసిన్ చుక్కలు వేసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్న స్క్రూని ముందు బిగించే వైపు కొంచెం తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి. అలా చేస్తే తుప్పు పట్టు విడుస్తుంది. ఇత్తడి గొళ్ళెం ఉంటే మన అమ్మమ్మల మందే మందు: చింతపండు. అందులోని టార్టారిక్ ఆమ్లం మీద పేరుకున్న నల్లటి ఆక్సైడ్‌ని కరిగిస్తుంది. తోమాక నీళ్ళతో బాగా కడిగి, తుడిచి, ఆరబెట్టాలి.

మూలలు వదులైతే మేకులు దిగ్గొట్టకండి. కర్ర చీలని సన్నగా ఉన్న వైపు నుంచి తట్టి బయటికి తీసి, అతుకు శుభ్రం చేసి, ఫెవికాల్ రాసి, చతురస్రంగా ఉందో లేదో రెండు కర్ణాలూ కొలిచి చూసి, తాడుతో బిగించి ఒక రోజు వదిలేయండి. కర్ణాలు సమానమైతే మూలలు లంబకోణాలే, మట్టం పలక కూడా అక్కర్లేదు. తర్వాత కొత్త చీల దించండి. మధ్య పలకకి మాత్రం జిగురు చుక్క కూడా తగలకూడదు, కారణం పైన చెప్పుకున్నాం. దగ్గర్లో ముసలి వడ్రంగి ఎవరైనా ఉంటే వెళ్ళి కూర్చోండి. ఆయన అరగంటలో చూపించేది మనకి పది వీడియోల్లో దొరకదు.

రంగు లేని కలప అయితే అవిసె నూనె పూత బాగుంటుంది. కానీ ఒక హెచ్చరిక. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. ఉండలో వేడి బయటికి పోయే దారి లేక గుడ్డ దానంతట అదే అంటుకుంటుంది. గుడ్డల్ని ఆరుబయట విప్పి పరచండి, లేదా నీళ్ళ బకెట్లో వేయండి.

ఏం చేసుకోవచ్చు

మా అమ్మమ్మగారి ఇల్లు తీసేసినప్పుడు వీధి వైపు కిటికీ ఒక్కటి మిగిల్చారు. నాలుగు రెక్కలు, అమ్మమ్మకి నలుగురు పిల్లలు. పొలం పంచుకున్నప్పుడు ఏడాది పాటు మాటలు లేని వాళ్ళు, రెక్కలు మాత్రం ఐదు నిమిషాల్లో పంచుకున్నారు. ఒక్కో రెక్క 30 సెంటీమీటర్ల వెడల్పు, 53 సెంటీమీటర్ల ఎత్తు. అంత చిన్న ముక్కతో ఏం చేయొచ్చో ఆ నాలుగు ఇళ్ళలోనూ చూశాను.

పెద్దమ్మ రెక్కని ఏమీ చేయకుండా హాల్లో తగిలించింది. కింది పట్టీకి ఐదు ఇత్తడి కొక్కేలు బిగిస్తే తాళాల పలక అయింది. మా ఇంట్లో పలక మీద రెండు వరుసల్లో సన్నటి తాడు లాగి, క్లిప్పులతో ఫోటోలు పెట్టాం. మామయ్య మధ్య పలకని గాడిలోంచి తీయించి అద్దం పెట్టించుకున్నాడు. అద్దం పెట్టేవాళ్ళు రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. చుట్టూ 2 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి, లేకపోతే కలప కదిలినప్పుడు అద్దం పగులుతుంది. అతికించడానికి సిలికాన్ వాడితే న్యూట్రల్ రకమే కొనాలి. వెనిగర్ వాసన వచ్చే రకం అద్దం వెనక పూతని తినేసి నల్ల మచ్చలు తెస్తుంది. చిన్నమ్మ రెక్కని పడుకోబెట్టి, కాళ్ళు బిగించి, పైన గాజు వేసి చిన్న టీపాయ్ చేయించింది. అలాంటి చోట టఫెన్డ్ గాజే వేయించాలి. దాన్ని ఒకసారి తయారయ్యాక కోయడం కుదరదు, కొలత ముందే సరిగ్గా ఇవ్వాలి.

చట్రం, ఊచలు బాల్కనీలో గోడకి ఆనించి నిలబెడితే మనీప్లాంట్ పాకడానికి పందిరి అవుతుంది. నేల తడి తగలకుండా కింద రెండు ఇటుకలు పెడితే చాలు.

గోడకి ఎక్కించే ముందు లెక్క

ఇక మన సబ్జెక్టు. పూర్తి కిటికీ 76 × 122 సెంటీమీటర్లు, చట్రం కలప మందం 10 × 7.5 సెంటీమీటర్లు అనుకుందాం. టేకు సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 650 కిలోలు. చట్రంలో కలప 0.0275 ఘనపు మీటర్లు, అంటే 18 కిలోలు. నాలుగు రెక్కలు కలిపి ఏడున్నర కిలోలు. ఊచలు ఆరు, 12 మిల్లీమీటర్ల కడ్డీ, ఒక్కోటి 1.15 మీటర్లు. సివిల్ వాళ్ళ మంత్రం గుర్తుందిగా, వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకి కిలోలు. 144ని 162తో భాగిస్తే 0.89. మొత్తం 6 కిలోలు. అంతా కలిపి దాదాపు 32. వెనక 4 మిల్లీమీటర్ల అద్దం పెడితే ఇంకో ఆరున్నర. అంటే ముప్పావు సిమెంటు బస్తాని మంచం తలవైపు గోడకి వేలాడదీస్తున్నామన్నమాట. అందుకే పూర్తి కిటికీని నేల మీద నిలబెట్టి, ముందుకి పడకుండా పైన రెండు చోట్ల గోడకి కట్టేయమంటాను. గోడ మీదకి రెక్కే సరి.

రెక్క బరువు 2 కిలోలు. దాని గరిమనాభి గోడకి సుమారు 1.25 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పైన స్క్రూకి, కింది అంచుకి మధ్య 50 సెంటీమీటర్లు. మూమెంట్లు సమానం చేస్తే స్క్రూని బయటికి లాగే బలం 2 × 1.25 ÷ 50, అంటే 50 గ్రాములు. మిగతాదంతా కిందికి లాగే బలమే, దాన్ని స్క్రూ సునాయాసంగా మోస్తుంది.

అదే రెక్కని అడ్డంగా పడుకోబెట్టి పుస్తకాల అర చేశారనుకోండి. 12 కిలోల పుస్తకాలు, 2 కిలోల రెక్క, గోడ నుంచి సగటు దూరం 15 సెంటీమీటర్లు. బ్రాకెట్ ఎత్తు 10 సెంటీమీటర్లయితే పై స్క్రూల మీద లాగుడు 14 × 15 ÷ 10, అంటే 21 కిలోలు! బ్రాకెట్ ఎత్తు 25 చేస్తే అది 8.4కి దిగుతుంది. హాస్టల్ గదుల్లో అరలు ఎందుకు ఊడిపడతాయో, ఫోటో ఫ్రేములు ఎందుకు పడవో ఇప్పుడు అర్థమైందిగా.

స్క్రూ పట్టు గోడని బట్టి ఉంటుంది. ప్లాస్టరింగ్ మందం పట్టుగా లెక్కలోకి రాదు, అది దాటి ఇటుకలోకి కనీసం 4 సెంటీమీటర్లు దిగాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో తేలికపాటి తెల్ల బ్లాకుల గోడలు ఉంటున్నాయి. వాటికి మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు చాలదు, ఆ బ్లాకులకని అమ్మే యాంకర్లు అడిగి తెచ్చుకోవాలి. అద్దె గదిలో ఓనర్ ఒప్పుకోకపోతే బల్ల మీద పెట్టి గోడకి ఆనించండి.

అమెరికా పట్టుకెళ్తానంటే

ఎమ్మెస్‌కి వెళ్ళే సీనియర్లు కొందరు ఊరి జ్ఞాపకంగా ఇలాంటివి సూట్‌కేసులో పెట్టుకోవాలనుకుంటారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం కనీసం వందేళ్ళు నిండిన, భవనం నుంచి విడదీసిన వస్తువు కూడా పురావస్తువు నిర్వచనంలోకి వస్తుంది. అలాంటి వాటిని దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకి నిషేధం. ముత్తాతగారు కట్టించిన ఇంటి కిటికీ అయితే వయసు ఒకసారి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి లెక్కేసుకోండి. చెక్కడం పని ఉన్నవి, గుడి నుంచో సత్రం నుంచో వచ్చినవి ఎవరైనా అమ్మజూపితే అవి ఎక్కడివో తేలనిదే ముట్టుకోకండి.

వెనకాల రాసి పెట్టండి

కారైకుడిలో పాత సామాన్ల వీధి ఉంది. చెట్టినాడు భవనాల తలుపులు, కిటికీలు, స్తంభాలు అక్కడ అమ్మకానికి వస్తాయి. చూడటానికి ఎంతో బాగుంటాయి కానీ ఏది ఏ ఇంటిదో, ఎవరు దానికి ఆనుకుని నిలబడి ఎవరి కోసం ఎదురు చూశారో వాటి మీద ఎక్కడా రాసి ఉండదు. ఇంటి నుంచి ఊడిన కిటికీ ఆ ఒక్క సమాచారం పోతే ఉత్త కలపే అవుతుంది.

కాబట్టి ఊరిలో ఇల్లు తీసేస్తున్నారని తెలిస్తే, జేసీబీ కంటే ముందు మీరు వెళ్ళండి. కిటికీ గోడలో ఉండగానే లోపలి నుంచి ఒక ఫోటో, బయటి నుంచి ఒక ఫోటో తీయండి. పని అంతా పూర్తయ్యాక, గోడకి తగిలించే ముందు రెక్క వెనక పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాయండి: ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఏ దిక్కుకి తెరుచుకునేది, ఏ ఏడాది ఊడదీశారు. ఇంకు వెలిసిపోవచ్చు, పెన్సిల్ గ్రాఫైట్ వెలవదు. యాభై ఏళ్ళ తర్వాత ఎవరో దాన్ని గోడ మీంచి దించి, తిప్పి చూస్తారు.